పాలీహౌస్ షీటు గడువుకు ముందే చిరుగుతోందా? ముందు తలుపు గది షీటు లాగి చూడండి

మూడేళ్లు రావాల్సిన 200 మైక్రాన్ల షీటు ఏడాదిన్నరకే పటపటా చిరుగుతోందని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: తలుపు గది (పాలీహౌస్‌లోకి అడుగుపెట్టే చోట ఉండే చిన్న గది) మీద షీటు ఎలా ఉంది? దాన్ని చూసి చెప్పేవాళ్లు చాలా తక్కువ. రోల్ నాసిరకమన్న నిర్ణయానికి అప్పటికే వచ్చేసి ఉంటారు. రెండు నిమిషాల పరీక్ష ఇది, దయచేసి వదిలేయకండి.

తలుపు గదికీ లోపలి పంటకీ సాధారణంగా ఒకే రోల్ వేస్తారు. రెండింటి మీదా ఒకే ఎండ పడుతుంది. తేడా ఒక్కటే, తలుపు గదిలో మందు కొట్టరు. రెండు చోట్ల నుంచీ బెత్తెడు ముక్క కోసి, రెండు చేతులతో లాగండి. బాగున్న షీటు సాగి సాగి తెగుతుంది. చెడిపోయింది సాగకుండా పుటుక్కున విరుగుతుంది.

చిరుగు పైపుల వెంటే ఉంది, మధ్యలో షీటు బాగా సాగుతోంది

ఇది వేడి పని. ఎండాకాలం మధ్యాహ్నం జీఐ పైపు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి పైపును ఆనుకున్న షీటు మిగతా దానికంటే త్వరగా పెళుసవుతుంది, తుప్పు ఉంటే ఇంకా త్వరగా. తుప్పు గీకి, షీటు తగిలే వైపు పైపుకు నీళ్లతో కలిపే తెల్ల ఎమల్షన్ పెయింట్ వేసి, ఆరాకే షీటు ఎక్కించండి. ఆయిల్ పెయింట్ వద్దు. పైపులకు పీవీసీ టేపు చుట్టడం కూడా మానేయండి, వేడికి పీవీసీ నుంచి వచ్చే ఆమ్లం షీటును తినేస్తుంది.

చిరుగు షీటును బిగించి పట్టే స్ప్రింగ్ దగ్గర ఉంది, ముక్క మాత్రం సాగుతోంది

షీటు వదులై గాలికి కొట్టుకుంటోంది. చల్లటి పూట బిగించండి, చాలు.

తలుపు గది షీటు సాగుతోంది, పంట మీది షీటు విరుగుతోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. చేవెళ్ల వైపు ఒక జెర్బెరా పాలీహౌస్‌లో షీటు పోతే, రోల్ మంచిది కాదని నేనే చెప్పి కొత్తది వేయించాను. అదీ పద్నాలుగు నెలలకే పోయింది. రెండోసారి వెళ్లినప్పుడు గమనించాను, చిరుగులన్నీ మొదలైంది బూడిద తెగులుకు గంధకాన్ని ఆవిరి చేసే కరెంటు కుండీలకు సరిగ్గా పైన. ఆ రైతుకు రెండుసార్లు షీటు ఖర్చు పడింది. మొదటిసారే తలుపు గది చూసి ఉంటే ఒక ఖర్చు తప్పేది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

లోపల జరిగేది ఇదీ. ఎండలో నేలకు చేరే అతినీలలోహిత (యూవీ) కిరణాలు 290 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి. అవి పాలిథిన్‌లో ఉన్న చిన్న చిన్న లోపాల దగ్గర పట్టు దొరికించుకుని, ఫ్రీ రాడికల్స్‌ను, అంటే పక్కవాటితో వెంటనే కలబడే అణువుల ముక్కలను, పుట్టిస్తాయి. వాటికి గాలిలోని ఆక్సిజన్ తోడై పొడవాటి అణువుల గొలుసులను తెంపుతూ పోతుంది. గొలుసు పొట్టిదైతే షీటుకు సాగే గుణం పోతుంది. దీన్ని ఆపడానికే తయారీలో హాల్స్ అనే స్టెబిలైజర్ కలుపుతారు. అది ఫ్రీ రాడికల్స్‌ను పట్టి అణచి, మళ్లీ పనికి సిద్ధమవుతుంది, అందుకే కొద్దిగా ఉన్నా ఏళ్ల తరబడి కాపాడుతుంది. కానీ హాల్స్ క్షార గుణమున్న అమైన్, అంటే నత్రజని ఉన్న ఒక రసాయనం. గంధకం ఎండకు ఆక్సీకరణ చెంది ఆమ్లంగా మారి ఆ అమైన్‌ను కట్టిపడేస్తుంది. ఇక షీటుకు రక్షణ లేనట్టే.

పై వైపు పడ్డ దుమ్మూ ధూళీ వానకు కడుక్కుపోతాయి, లోపలి వైపు అంటుకున్న గంధకం అక్కడే ఉంటుంది. అందుకే బయటి నుంచి ఎంత చూసినా దొరకదు. బూడిద తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల గంధకం ఎప్పుడో ఒకసారి కొట్టడం వల్ల కొంప మునగదు. వారం వారం కొట్టడం, స్ప్రే గన్ పైకెత్తడం, కిటికీలు మూసి రాత్రంతా ఆవిరి పెట్టడం, ఇవే ముంచుతాయి. మాంకోజెబ్‌లో, నేల శుద్ధికి వాడే మెటాం సోడియంలో కూడా గంధకం ఉంది. బ్లీచింగ్ లాంటి క్లోరిన్ మందులూ అంతే చెరుపు చేస్తాయి.

పాడైన షీటుకు బలం తిరిగి రాదు, మార్చాల్సిందే. కొత్తది వేసే ముందు మందుల పద్ధతి మార్చండి. బూడిద తెగులుకు గంధకం లేని మందులు మార్చి మార్చి వాడండి, కుండీలు తీసేయండి, మందు కొట్టాక గాలి ఆడనివ్వండి. కొనేటప్పుడు వారంటీ కాగితంలో గంధకం, క్లోరిన్ పరిమితి ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అని రాశారో చదవండి. ముక్కను ల్యాబ్‌లో పరీక్షించి అది దాటిందని తేలితే క్లెయిమ్ రాదు.

తలుపు గది షీటు కూడా విరుగుతోంది

గడువు అయిపోయి ఉండాలి, లేదా యూవీ స్టెబిలైజర్ తక్కువ కలిపిన రోల్ అయి ఉండాలి. అప్పుడు అమ్మినవాళ్లను గట్టిగా అడగండి.

వడగళ్లు, కోతులు, ఎలుకల చిరుగులు చూడగానే తెలుస్తాయి, వాటికి యూవీ తట్టుకునే పాలిథిన్ రిపేరు టేపు వేస్తే సరి. షీటు మసకబారితే సగం సార్లు అది దుమ్మూ పాచే, కడిగి చూడండి.

కొత్త షీటు వేసిన రోజే మీటరు ముక్క కోసి, రోల్ నంబరు, తేదీ రాసి, వెలుతురు తగలని బీరువాలో పెట్టండి. ఆరు నెలలకోసారి పంట మీది ముక్కనూ దాన్నీ పక్కపక్కన పెట్టి లాగి చూడండి.