ఫౌండ్రీ ఇసుకను ల్యాండ్‌ఫిల్‌కి పంపే ముందు

మూడేళ్ల కిందట జూలైలో మా లారీ డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడమ్, లోడ్ దించనివ్వట్లేదు. వెనక్కి తీసుకెళ్లమంటున్నారు." అచ్చులకి వాడేసిన పదహారు టన్నుల ఇసుక అది. టార్పాలిన్ తీయగానే పైన నల్లగా నాలుగు నూనె గుడ్డలు కనిపించాయట. ల్యాండ్‌ఫిల్ (వ్యర్థాల్ని పూడ్చే స్థలం) గేటు దగ్గర వాళ్లు చేసింది సరైన పనే, తప్పు మాదే. నూనె గుడ్డ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో మొదటి షెడ్యూల్ 33.2 కింద వస్తుంది. మామూలు ఇసుకలో అది కలిస్తే మొత్తం లోడునే అనుమానించాల్సి వస్తుంది. ఆ రోజు నుంచి, కరిగించిన ఇనుమును ఇసుక అచ్చుల్లో పోసే మా ఫౌండ్రీలో, ఇసుక పంపే పని ఎలా చేస్తున్నామో రాస్తున్నాను.

ముందు ఒక నోట్‌బుక్ పట్టుకుని షెడ్డంతా తిరగండి. ఏ చెత్త ఎక్కడ పుడుతోంది, వారానికి ఎంత పుడుతోంది అన్నది రాసుకోండి. మా దగ్గర మోల్డింగ్ ఇసుక (అచ్చు చేసే ఇసుక), స్లాగ్ (కరిగిన ఇనుము మీద తేలే మడ్డి), పగిలిన ఫర్నేస్ లైనింగ్ (కొలిమి లోపలి పొర), విరిగిన కోరు (పోతలో బోలు కోసం అచ్చు లోపల పెట్టే ఇసుక దిమ్మ) ముక్కలు వస్తాయి. ఇవి ఒక వరస. పొగ పట్టే బ్యాగ్ ఫిల్టర్లో దుమ్ము, వాడేసిన నూనె, రెసిన్ (ఇసుకను అంటించే జిగురు) ఖాళీ డ్రమ్ములు ఇంకో వరస. ఈ రెండో వరస ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క. దానికి పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) అనుమతి వేరు, మానిఫెస్ట్ (లోడు వెంట వెళ్లే పత్రం) వేరు, పంపే చోటూ వేరు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రాల్లో తెలంగాణలో అయితే దుండిగల్, ఆంధ్రలో అయితే పరవాడ చాలామందికి తెలిసిన పేర్లే. ఈ రెండు వరసలకీ మధ్య మేము గోడ కట్టించాం. గీత గీస్తే సరిపోదు, రాత్రి షిఫ్ట్‌లో ఎవరూ గీతను చూడరు.

మొదటి వరసలో కూడా అన్నీ ఒకటి కావు. మామూలు మోల్డింగ్ ఇసుకలో బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి), బొగ్గు పొడి, నీళ్లు ఉంటాయి. కోరు ముక్కల్లో రెసిన్ ఉంటుంది. మా షెడ్డులో అందరికంటే పెద్దాయన ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన గుప్పెడు ఇసుక పిసికి చూస్తారు. ముద్ద కట్టి, వేలితో నొక్కితే మెత్తగా విరిగితే అది మోల్డింగ్ ఇసుక. గట్టిగా, గరుకుగా, బిస్కెట్ ముక్కలా ఉండి, ముక్కు దగ్గర పెడితే కాలిన మందుల వాసన వస్తే అది కోరు. దాన్ని వేరే కుప్పలో వేయిస్తారు. ల్యాబ్ రిపోర్టుకి ఇది బదులు కాదు. కానీ ల్యాబ్‌కి సరైన కుప్ప వెళ్లాలంటే ముందు ఇలాంటి చెయ్యి కావాలి.

శాంపిల్ తీయడంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. కుప్ప పైనుంచి ఒక డబ్బా నింపి పంపేస్తారు. పైన ఎండిపోయి ఉంటుంది, వానకు కడిగేసి ఉంటుంది, దాన్ని బట్టి కుప్ప సంగతి తెలియదు. పది చోట్ల మూరెడు లోతున తవ్వి తీయండి. శుభ్రమైన టార్పాలిన్ మీద పోసి పారతో బాగా కలపండి. గోపురంలా పోసి, పైన చదును చేసి, నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలిన రెండూ కలిపి మళ్లీ అదే పని. రెండు కిలోలు మిగిలేదాకా ఇలాగే. మొదటిసారి గంట పట్టింది, ఇప్పుడు ఇరవై నిమిషాలు.

ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. తేమ, పీహెచ్, మండించినప్పుడు తగ్గే బరువు, ఫినాల్ అనే విష రసాయనం, వీటితో పాటు టీసీఎల్‌పీ పరీక్ష తప్పకుండా అడగండి. టీసీఎల్‌పీలో ఒక వంతు ఇసుకకి ఇరవై వంతుల పల్చటి ఆమ్ల ద్రావణం పోసి సుమారు 18 గంటలు తిప్పుతారు. భూమిలో పూడ్చాక లోపలికి దిగే నీళ్లలోకి ఏం కరుగుతుందో దీన్నిబట్టి అంచనా వేస్తారు. ఆ ద్రావణంలో లీటరుకి సీసం 5 మిల్లీగ్రాములు, క్యాడ్మియం 1 మిల్లీగ్రాము దాకా వచ్చిందంటే అది ఇక మామూలు వ్యర్థం కాదు. ఇత్తడి, కంచు పోసేవాళ్లు సీసం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇనుము పోసే పక్క ఫౌండ్రీ రిపోర్టు చూసి మనదీ అంతేలే అనుకోవద్దు.

రిపోర్టు బాగుంటే వెంటనే లారీ పిలవకండి. ఇసుకను జల్లెడ పట్టి ఎంత వెనక్కి వాడగలమో, ఇటుకల వాళ్లు ఎంత తీసుకోగలరో ముందు చూడండి. పీసీబీ ఇచ్చిన సీఎఫ్ఓలో (ఫ్యాక్టరీ నడిపే అనుమతి పత్రంలో) ఏ వ్యర్థం ఎక్కడికి పంపాలని రాసి ఉందో చదవండి. మిగిలిందే ల్యాండ్‌ఫిల్‌కి.

ఆ ల్యాండ్‌ఫిల్‌ని ఒకసారి మీ కళ్లతో చూసి రండి. అడుగున ఏం పరిచారని అడగండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో (2026లో వాటి చోట కొత్తవి వచ్చాయి) రాసిన కొలత 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు. భూగర్భ జలం మట్టి పొరకి కనీసం రెండు మీటర్ల కింద ఉండాలి. ఊట నీరు ఎక్కడ చేరుతుందో, ఎలా తోడుతున్నారో, చుట్టూ ఉన్న పరిశీలన బోర్ల నీటి రిపోర్టు ఏం చెబుతోందో అడగండి. ఇవన్నీ అడిగితే విసుక్కునే చోటికి నేను పంపను. ఫ్యాక్టరీల నీళ్లతో పాడైన నక్కవాగు ఏమైందో పటాన్‌చెరు చుట్టుపక్కల పనిచేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పంపడం మృగశిర కార్తె లోపు అయిపోవాలి. తడిసిన ఇసుక తూకంలో నీళ్లకి కూడా మీరే డబ్బు కడతారు. నీళ్లు కారుతున్న లోడైతే గేటు దగ్గరే ఆపేస్తారు. ఏడాది పొడవునా కుప్ప కింద సిమెంటు చప్టా, పైన రేకులు, చుట్టూ జానెడు గట్టు ఉండాలి. లోడ్ చేసేటప్పుడు ఒక మనిషి పక్కనే నిలబడి గుడ్డలు, గ్లౌజులు, ప్లాస్టిక్ ఏరాలి. ఈ పని చేసే మనిషికి ఆ రోజు ఇంకో పని చెప్పొద్దు.

మా గేటులో ఒక తూకం, అక్కడ ఒక తూకం. రెండు స్లిప్పుల మీద బరువుతో పాటు టైము కూడా చూడండి. మా లారీ వెళ్లి రావడానికి మూడు గంటలు పడుతుంది. గంటన్నరకే ఖాళీగా తిరిగొస్తే అది ఏ చెరువు గట్టున కుమ్మరించి వచ్చిందోనని అనుమానించాల్సిందే. అక్కడి స్లిప్ చేతికి రాకుండా ఏ ట్రిప్పుకీ డబ్బు ఇవ్వకండి. ఆ స్లిప్పులన్నీ నెలనెలా ఫైల్ చేసుకుంటే సెప్టెంబర్ 30 లోపు పీసీబీకి ఇవ్వాల్సిన ఫారం 5 (ఏటా ఇచ్చే పర్యావరణ నివేదిక) లెక్క ఒక్క పూటలో తేలిపోతుంది.