ప్రార్థన పుస్తకం రెండు వారాలకే ఆగిపోతుంటే: నా అనుభవం

ప్రార్థనలు రాసుకోవడానికి కొత్త నోటుపుస్తకం మొదలుపెట్టడం, పది పన్నెండు రోజులు రాయడం, ఆ తరువాత పేజీలు ఖాళీగా మిగిలిపోవడం నాకు ఏళ్ల తరబడి జరిగిన సంగతి. రాసిన రోజుల్లో సైతం అది దేవునితో మాటలా కాక, నాలో నేను గొణుక్కున్నట్టే ఉండేది. ప్రశ్నలు అచ్చువేసిన డైరీలు, ఫోన్ యాప్‌లు, తెల్లవారుజాము అలారం, రోజుకొక పేజీ అన్న నియమం, ఇవేవీ పనిచేయలేదు.

చివరికి దారి చూపినది బైబిల్లోని 13వ కీర్తన. అందులో ఉన్నవి 6 వచనాలే: మొదటి రెండింటిలో దావీదు దేవునికే నేరుగా ఫిర్యాదు చేస్తాడు, తరువాతి రెండింటిలో వేడుకుంటాడు, చివరి రెండింటిలో నమ్మిక పలుకుతాడు. నేను ముందుగా తేదీ వేసి, ఆ రోజు చదివిన భాగంలోంచి ఒక్క వచనాన్ని చేత్తో ఎత్తిరాసి, దాని కింద "ప్రభువా" అని మొదలుపెట్టి ఫిర్యాదు, విన్నపం, నమ్మిక అన్న వరుసలో రెండేసి వాక్యాలు రాశాను. "ఈరోజు నాకు కోపం వచ్చింది" అన్న వాక్యం "ప్రభువా, తమ్ముడి మాటకు నేనింకా మండిపోతున్నానని నీకు తెలుసు" అని మారగానే అది ప్రార్థన అయింది. నమ్మిక రాని రోజున ఆ చోటు ఖాళీగానే వదిలాను. 88వ కీర్తన కూడా చీకటితోనే ముగుస్తుంది కదా. ఆదివారం వెనక్కి చదువుకొని, జవాబు దొరికిన విన్నపం పక్కన తేదీ మాత్రం వేస్తాను.

ఎనిమిది నెలలుగా ఇది ఆగలేదు. అయితే పాటలోనో మౌనంలోనో ప్రార్థించేవారికి ఇదే పద్ధతి కుదురుతుందని చెప్పలేను. దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నవారికి ఫిర్యాదు భాగం బరువనిపించవచ్చు, వారు వచనం ఎత్తిరాయడంతోనే ఆపినా సరిపోతుందనుకుంటాను.