సెల్ఫ్ నొక్కితే 'టక్' మని ఊరుకుంటుందా? బ్యాటరీ కొనకండి, ఎర్త్ చూడండి

సమస్య: బైకు విప్పి ఛాసిస్‌కి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించే పూత) వేయించారు. వెడల్పు హ్యాండిలు, బటన్ టైర్లు, పొట్టి సీటు బిగించారు. ఇప్పుడు సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఆగిపోతుంది, హారన్ కొడితే హెడ్‌లైట్ మసకబారుతుంది, ఎడమ ఇండికేటర్ వేస్తే కుడిదీ మినుకుమంటుంది.

బ్యాటరీ టెర్మినల్ స్క్రూలు బిగుతుగా ఉన్నాయా? ఇంజిన్ ఆపి కొలిస్తే 12.5 వోల్టుల పైన ఉందా? ఇది చూడకుండానే కొత్త బ్యాటరీ కొనేవాళ్ళే ఎక్కువ.

అసలు దొంగ: ఎర్త్, అంటే ఇంజిన్, ఛాసిస్‌ల నుంచి కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళే దారి. పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. ఎర్త్ బోల్టు చోటు, ఇంజిన్ మౌంటింగులు టేపుతో మూసి ఇవ్వకపోతే వాటిమీదా వేసేస్తారు. బోల్టు మరలు ఎక్కడో కాస్త గీరుకుని మొదట్లో పని జరిగిపోతుంది. ఆ గీతలోకి మన బీచ్ రోడ్డు ఉప్పుగాలి చేరి తుప్పు పడితే అప్పుడు గొడవ మొదలవుతుంది, అదీ ఓ రోజు ఉండి ఓ రోజు ఉండదు.

వైరు కలిసి ఉందో లేదో చూసే కంటిన్యూటీ టెస్టులో మల్టీమీటర్ 'బీప్' మంది కదా అని వదిలేయకండి. బీప్‌కి మిల్లీఆంపులు చాలు, సెల్ఫ్ మోటారు లాగేది పదుల ఆంపులు. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదే (వైరు చివరి రింగు, అంటే లగ్గు మీద కాదు), ఎర్రది ఇంజిన్ కేసు బోల్టు మీద ఉంచి సెల్ఫ్ నొక్కండి. 0.2, 0.3 వరకు ఫర్వాలేదు. 0.5 దాటితే దొరికినట్టే. క్లచ్ కేబులు వేడెక్కితే ఇక అనుమానమే లేదు: దారి లేక కరెంటు దాంట్లోంచి వెళ్తోంది. లోపలి ప్లాస్టిక్ కరిగి కేబులు బిగుసుకుపోయి ఉంటే అదీ మార్చాలి.

పరిష్కారం: లగ్గు కూర్చునే చోట రూపాయి బిళ్ళంత మేర తెల్లటి ఇనుము కనబడేదాకా ఎమెరీతో గీకండి. బోల్టు రంధ్రం మరల్లో ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పి పూత తీసేయండి. నెగటివ్ నుంచి ఇంజిన్‌కి నేరుగా 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఛాసిస్‌కి వేరుగా 2.5 వేయండి. లగ్గుని వైరుకి క్రింప్ చేయండి (పనిముట్టుతో గట్టిగా నొక్కి బిగించండి), మెలిపెట్టి చుట్టొద్దు. లగ్గు ఇనుముకే తగలాలి, వాషరు దాని పైన. బిగించాకే వాజెలిన్ పూయండి. హెడ్‌లైట్‌కి, ఇండికేటర్లకి ఎర్త్ వైరు విడిగా లాగాలి. గ్రీజు నిండిన హ్యాండిల్ బేరింగుల మీద ఆధారపడితే లైట్లు మళ్ళీ మినుకుతాయి.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక అవి గబగబా కొట్టుకుంటే ఎల్‌ఈడీ ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే రిలే) వేయండి, అంతే. హ్యాండిలు తిప్పినప్పుడే బండి ఆగుతుంటే వైరింగ్ పొడవు చాలలేదు. సెల్ఫ్ రిలే (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) చివర్లో చూడొచ్చు.