కాన్పులో బిడ్డకు నష్టం జరిగితే పరిహారం కోరడం ఎలా: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు

కాన్పు సమయంలో నిర్లక్ష్యం వల్లే బిడ్డ మెదడుకో, చేతికో శాశ్వత నష్టం జరిగిందని అనుమానం ఉన్న తల్లిదండ్రులు లాయరును వెతకడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది. తల్లి కేస్ షీటును, బిడ్డ కేస్ షీటును విడివిడిగా, పూర్తిగా, ఆసుపత్రి ముద్రతో తీసుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఏ గంటకు ఎవరు వచ్చి ఏం చేశారన్నది అందులో ఉండదు. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలని 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళి చెబుతోంది. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిపై అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు; జవాబుకు గడువు 30 రోజులు.

కేస్ షీటు చేతికి వచ్చాక ముందుగా చూడవలసిన కాగితం పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గంటగంటకూ నమోదు చేసే చార్టు. నొప్పులు బలపడినప్పటి నుంచి బిడ్డ గుండె వేగాన్ని ప్రతి అరగంటకూ అందులో నమోదు చేయాలి. ఆ వేగం సాధారణంగా నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటుంది. ఉదాహరణకు రాత్రి 11 గంటలకు 140 అని రాసి, ఆ తర్వాత తెల్లవారుజామున రెండు దాకా గడులన్నీ ఖాళీగా ఉండి, రెండుంబావుకు 80 అని ఒక్కసారిగా కనిపించి, సిజేరియన్ మూడున్నరకు జరిగిందనుకోండి. ఆ ఖాళీ గడులూ, ఆ తర్వాతి ఆలస్యమూ ఎన్ని మాటలు చెప్పినా రాని బలాన్ని మీ ఫిర్యాదుకు ఇస్తాయి. నొప్పులు రావడానికి సెలైన్‌లో మందు ఎప్పుడు మొదలుపెట్టారు, బిడ్డ తలను పట్టి బయటకు లాగే వాక్యూమ్ పరికరాన్ని ఎన్నిసార్లు ప్రయత్నించారు, పుట్టిన ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో ఆప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ స్థితికి వేసే మార్కులు) ఎంత, బిడ్డ ఏడవకపోతే పిల్లల డాక్టరు ఎప్పుడు వచ్చారు అన్నవి కూడా వరుసగా ఒక కాగితంపై రాసుకోండి. ఆ రాత్రి మీ ఫోన్లలోని కాల్ వివరాలు, 108 వాహనంలో మరో ఆసుపత్రికి పంపిన సమయం, మందుల చీటీలు ఆ వరుసకు తోడవుతాయి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు జరిగిన నష్టం వల్ల కదలికలు దెబ్బతినే స్థితి) వచ్చిన ప్రతి బిడ్డకూ కాన్పు గదిలోనే అన్యాయం జరిగిందని చెప్పలేము. నెలలు నిండకముందే పుట్టడం, గర్భంలో సోకిన ఇన్‌ఫెక్షన్, జన్యు లోపాలు కూడా దానికి కారణాలే. అందుకే నిర్లక్ష్యం జరిగిందని చూపడంతో పాటు, ఆ నిర్లక్ష్యం వల్లే ఈ నష్టం జరిగిందని కూడా చూపాలి. బిడ్డ ఎమ్మారై నివేదికను, కేస్ షీటును పిల్లల నరాల వైద్యునికి, కాన్పుల నిపుణురాలికి చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ఒకే ఊరి వైద్యులు ఒకరిపై ఒకరు రాసి ఇవ్వడానికి సహజంగానే వెనకాడతారు కాబట్టి వేరే నగరంలో అడగడం మేలు. ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో వి. కిషన్ రావు కేసులో చెప్పింది గాని, కాన్పు కేసుల్లో అది లేకుండా నెగ్గడం కష్టం.

ఫిర్యాదును జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రికీ అది వర్తిస్తుంది. అందరికీ పూర్తిగా ఉచితమైన చోటైతే సివిల్ కోర్టుకు గాని హైకోర్టుకు గాని వెళ్లాలి. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలుంది. కాన్పుకు వేలూరుకో చెన్నైకో వెళ్లిన చిత్తూరు కుటుంబం తమిళనాడు కోర్టుల చుట్టూ తిరగనవసరం లేదు. మరొక విషయంలో చాలామంది పొరబడుతున్నారు: ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాక, ఆసుపత్రికి చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. అది 50 లక్షలు దాటకపోతే, పరిహారం కోటి అడిగినా జిల్లా కమిషనే వింటుంది. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. దాన్ని బిడ్డ పుట్టిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. సివిల్ దావాలో మైనరుకు 18 ఏళ్లు నిండాక మరో మూడేళ్లు వ్యవధి ఉంటుంది కదా అని ఎవరైనా అంటే నిజమే గాని, అప్పటికి రికార్డులూ సాక్షులూ మిగిలి ఉండరు. లాయరు ఫీజు భరించలేనివారు చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

పరిహారం మొత్తాన్ని అంచనాగా ఒక అంకె వేసి అడగకండి. ఇప్పటికైన ఖర్చు, రాబోయే ఏళ్ల ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, వీల్‌చెయిర్, సంరక్షకురాలి జీతం, తల్లి మానేసిన పనికి పోయిన కూలి, బిడ్డ కోల్పోయిన సంపాదన: ఒక్కొక్క దానికి బిల్లు గాని లెక్క గాని జతచేయండి. వైకల్య శాతాన్ని చూపడానికి సదరం ధ్రువపత్రం ఉపయోగపడుతుంది. తల్లిదండ్రుల మనోవేదనకు విడిగా కోరవచ్చని 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. చెన్నైలోని ప్రభుత్వ ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పాపకు కంటి పరీక్ష చేయించమని చెప్పకపోవడం వల్ల చూపు పోయిన కేసులో, భవిష్యత్తు వైద్య ఖర్చులనూ ధరల పెరుగుదలనూ లెక్కలోకి తీసుకుని సుప్రీంకోర్టు 2015లో సుమారు 1.8 కోట్లు ఇప్పించింది.

పోలీసు ఫిర్యాదు, వైద్య మండలికి ఫిర్యాదు వేరే దారులు. వాటి వల్ల బిడ్డ చికిత్సకు డబ్బు రాదు. ఊరి పెద్దమనుషులు మధ్యలో కూర్చుని కొంత ముట్టజెప్పి, ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదని స్టాంపు కాగితంపై సంతకం అడిగితే, లాయరుకు చూపకుండా పెట్టవద్దు. బిడ్డ జీవితాంతం అయ్యే ఖర్చు ఆ మొత్తంలో ఉండదు.

జిల్లా కమిషన్ ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. అవతలివారు అప్పీలుకు వెళ్లాలంటే మాత్రం, ఆదేశించిన మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. బిడ్డ పేరిట వచ్చే డబ్బును సాధారణంగా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచమని ఆదేశిస్తారు కాబట్టి, నెలనెలా థెరపీ ఖర్చుకు దానిపై వడ్డీ తీసుకునే అనుమతిని ఫిర్యాదులోనే కోరండి.