పిల్లల గాలి పూల్‌లో నీళ్లు వెచ్చగా చేసుకున్నా, రాడ్ పెట్టకుండా (నా అనుభవం)

డాబా మీద 300 లీటర్ల గాలి పూల్, డిసెంబర్‌లో నీళ్లు ఐసులా ఉండి పిల్లలు దిగట్లేదు. ఎండలో ఉంచా, బకెట్లు మోశా, లాభం లేదు. ఇమ్మర్షన్ రాడ్ మాత్రం పూల్‌లో అస్సలు పెట్టకండి ప్లీజ్, కొంచెం కరెంట్ లీకేజీ ఉన్నా ప్రాణం పోవచ్చు.

ముందు 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై కట్ చేసే సేఫ్టీ స్విచ్) టెస్ట్ బటన్ నొక్కి ట్రిప్ అవుతుందో లేదో చూశా. తర్వాత 200 లీటర్లు చన్నీళ్లు నింపి, బాత్రూం గీజర్ 60 డిగ్రీలకి పెట్టి, 15 లీటర్ల ట్యాంక్ కాగిన ప్రతిసారీ స్విచ్ ఆపేసి వేడినీళ్ల పైప్‌తో పూల్‌లోకి వదిలా, అలా ఆరుసార్లు, రెండు గంటల పైనే పట్టింది. పైప్ తీసేసి, బాగా కలిపి, మోచెయ్యి పెట్టి చూశాకే పిల్లల్ని దింపా. 20 డిగ్రీల నీళ్లు 29 దాకా వచ్చాయి.

పెద్ద పూల్‌కి ఇది సరిపోదనుకుంటా.