గరుకు బొచ్చు కుక్కను ఇంటికి తెచ్చే ముందు: అలర్జీ ఉన్నవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

"అలర్జీ ఉంటే ఏముంది, గరుకు బొచ్చు జాతిని తెచ్చుకోండి, దానికి బొచ్చు రాలదు." కుక్కలంటే ప్రాణమై, దగ్గరికెళ్తే మాత్రం తుమ్ములు మొదలయ్యే ప్రతి మనిషికీ ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు. నాకూ ఇచ్చారు, నేనూ నమ్మాను. స్నేహితురాలి ఇంట్లో వైర్ హెయిర్డ్ డాక్స్‌హుండ్ (గరుకు బొచ్చుండే పొట్టికాళ్ల కుక్క) ఉంటే వెళ్లి అరగంట దాని పక్కనే కూర్చున్నాను. ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఎంత సంతోషం వేసిందో! ఇంతలో అది నీళ్లు తాగొచ్చి, తడి గడ్డాన్ని నా ముంజేతి మీద ఆనించి పడుకుంది. పది నిమిషాలు కాకముందే ఆ గడ్డం ఎంతమేర తగిలిందో సరిగ్గా అంతమేర దోమలు కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. దాని వీపు ఆనుకున్న రెండో చెయ్యి మామూలుగానే ఉంది.

గడ్డం, వీపు రెండింటి మీదా ఉన్నది ఒకే గరుకు బొచ్చు. తేడా అల్లా తడి, అంటే లాలాజలం. అసలు విషయం అక్కడే ఉంది. అలర్జీ తెప్పించేవి కుక్క ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు. కాన్ ఎఫ్ 1 నుంచి కాన్ ఎఫ్ 8 దాకా ఎనిమిదింటిని గుర్తించి పేర్లు పెట్టారు. వీటిలో ఎక్కువమందిని బాధపెట్టేది కాన్ ఎఫ్ 1. అది లాలాజలంలో ఉంటుంది, చర్మం మీంచి రాలే సన్నటి పొట్టులో ఉంటుంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ఆ లాలాజలం బొచ్చుకు అంటుకుని ఆరిపోతుంది, తర్వాత పొడిగా రాలుతుంది. బొచ్చు దాన్ని మోసుకొస్తుందంతే. బొచ్చు మెత్తగా ఉన్నా, ముళ్లలా గరుగ్గా ఉన్నా, నాలుకా చర్మమూ అన్ని కుక్కలకూ ఉంటాయి కదా.

మరి గరుకు బొచ్చుకు ఈ మంచి పేరు ఎలా వచ్చింది? వైర్ హెయిర్డ్ ఫాక్స్ టెర్రియర్, ఎయిర్‌డేల్, ష్నాజర్, బోర్డర్ టెర్రియర్, జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్, వీటన్నిటికీ పైన బిరుసు వెంట్రుకలు, చాలావాటికి లోపల మెత్తటి పొర ఉంటాయి. చచ్చిన వెంట్రుక దానంతటది ఊడి కింద పడకుండా చాలావరకు అక్కడే ఇరుక్కుని ఉంటుంది. సోఫా మీదా నేల మీదా బొచ్చు కనబడదు కాబట్టి ఇల్లు శుభ్రంగా ఉందనిపిస్తుంది. ఊడ్చే పని తగ్గుతుంది, నిజమే. కానీ ఊపిరితిత్తులదాకా వెళ్లేది కంటికి కనబడే వెంట్రుక కాదు. గాల్లో తేలే కుక్క అలర్జెన్‌లో, అంటే అలర్జీ తెప్పించే పదార్థంలో, సుమారు 20 శాతం 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కంటే చిన్న రేణువుల మీద ఉంటుంది. అవి అంత తేలిగ్గా కింద పడవు.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 2011లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు 173 ఇళ్లలో దుమ్ము పరీక్షించారు. అలర్జీ కలిగించవని పేరున్న జాతుల ఇళ్లలో కాన్ ఎఫ్ 1 తక్కువేమీ లేదు. 2012లో నెదర్లాండ్స్‌లో లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడుల్‌ల సంకరం), పూడుల్, స్పానిష్ వాటర్ డాగ్‌లతో పాటు ఎయిర్‌డేల్ టెర్రియర్‌ను కూడా చూశారు. ఎయిర్‌డేల్ అచ్చంగా గరుకు బొచ్చు జాతే. అలర్జీ రాదన్న పేరుతో అమ్ముడుపోయే ఈ జాతుల బొచ్చులో కాన్ ఎఫ్ 1 మిగతా కుక్కలకంటే ఎక్కువే తేలింది. అయితే ఒకే జాతిలో ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ చాలా తేడా కనబడింది. నాకు పనికొచ్చిన విషయం ఇదే. జాతి పేరు చూసి నిర్ణయించుకోవద్దు, మీ ఇంటికి రాబోయే ఆ ఒక్క కుక్కను చూసి నిర్ణయించుకోండి. 1989లో ఆస్ట్రేలియాలో, అంధులకు దారిచూపే కుక్కల్ని పెంచే వాలీ కాన్‌రన్ లాబ్రడూడుల్ పిల్లల్ని పుట్టించింది కూడా భర్తకు అలర్జీ ఉన్న ఒక అంధురాలి కోసమే. మూడు పిల్లల బొచ్చూ లాలాజలమూ పంపి పరీక్ష చేయిస్తే పనికొచ్చింది ఒక్కటే. ఒకే తల్లి, ఒకే ఈత, అయినా అంత తేడా!

తెచ్చుకునే ముందు

ముందుగా మీ అలర్జీ దేనికో తేల్చుకోండి. కుక్క అలర్జీ అనుకునేది కొన్నిసార్లు దుమ్ము పురుగుల వల్ల వచ్చేది, లేదా కుక్క బయటినుంచి మోసుకొచ్చే పుప్పొడి వల్ల వచ్చేది అయి ఉంటుంది. చర్మం మీద చేసే స్కిన్ ప్రిక్ పరీక్షకు ముందు యాంటీహిస్టమిన్ (అలర్జీని అణిచే) మాత్రలు కొన్ని రోజులు ఆపాలి, ఎన్ని రోజులో డాక్టరే చెప్తారు. ఆస్తమా మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మాత్ర ఆపలేనివాళ్లకు రక్తపరీక్ష ఉంది. కుదిరితే ఏ ప్రోటీన్‌కో కూడా అడగండి. కాన్ ఎఫ్ 5 అనేది మగ కుక్కల ప్రోస్టేట్ గ్రంథిలో తయారై మూత్రంలో వస్తుంది. కొందరికి ఈ ఒక్కదానికే అలర్జీ ఉంటుంది. అలాంటివాళ్లు ఆడ కుక్కతో హాయిగా ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఈ ఒక్క పరీక్ష ఎంతమందికి దారి చూపగలదో అనిపిస్తుంది నాకు.

తర్వాత ఆ కుక్క దగ్గరే గడపండి. ఒకసారి వెళ్లి అరగంట కూర్చుంటే సరిపోదు, నా అనుభవం చెప్పాను కదా. వేర్వేరు రోజుల్లో నాలుగైదు సార్లు, ఒక్కోసారి రెండు మూడు గంటలు, ఆరుబయట కాకుండా నాలుగ్గోడల మధ్య గడపాలి. ఆ రోజుల్లో యాంటీహిస్టమిన్ వేసుకుంటే ఏమీ తెలియదు. గడ్డం తాకండి, చెయ్యి నాకనివ్వండి, ఇంటికెళ్లాక ఆ రాత్రి, మర్నాడు పొద్దున ఎలా ఉందో రాసుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ ప్రయోగం చేయొద్దు. చేస్తే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

కుక్కపిల్లతో చేసిన పరీక్షను నమ్ముకోకండి. దానిది ఇంకా మెత్తటి పిల్ల బొచ్చు, అసలు గరుకు బొచ్చూ గడ్డమూ నెలలు గడిస్తేగాని రావు. పైగా కొందరికి మొదట్లో ఏమీ ఉండదు, రోజూ కలిసి బతుకుతుంటే నెమ్మదిగా మొదలవుతుంది. అలర్జీ ఉన్న ఇంటికి రెండేళ్లు దాటిన కుక్క మేలని నేను గట్టిగా అంటాను.

చర్మం కూడా చూడండి. వీపు మీద బొచ్చును వెనక్కి దువ్వి మొదళ్ల దగ్గర తెల్లటి పొట్టు ఉందేమో, ఎరుపు ఉందేమో గమనించండి. టెర్రియర్లలో చర్మ అలర్జీ తరచూ వస్తుంది, ఫాక్స్ టెర్రియర్‌కు మరీను. ఎప్పుడూ గోక్కునే కుక్క ఎక్కువ పొట్టు రాలుస్తుంది. ఇంకో సంగతి, బిరుసు వెంట్రుక గుచ్చుకుని చేతి లోపలివైపు ఎర్రటి గీతలు పడుతుంటాయి. అది రాపిడే కావచ్చు. ఉబ్బి, దురద పెట్టి, కళ్లూ ముక్కూ కూడా మొదలైతే అలర్జీని అనుమానించాలి.

బొచ్చు పీకే రోజులు

గరుకు బొచ్చు కుక్క ఉన్న ఇంట్లో అసలు ప్రమాదం ఇక్కడ ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. రాలదు కాబట్టే చచ్చిన బొచ్చును మనం తీయాలి. ఏడాదికి రెండు మూడు సార్లు వేళ్లతోనో చిన్న స్ట్రిప్పింగ్ కత్తితోనో చిటికెడు చిటికెడుగా పీకుతారు, దీన్నే హ్యాండ్ స్ట్రిప్పింగ్ అంటారు. కిటికీలోంచి ఎండ పడే చోట ఆ పని చూడండి. ఒక్కో చిటికెకీ వెంట్రుకలతో పాటు పిండి చల్లినట్టు పొట్టు లేచి ఎండలో మెరుస్తూ తిరుగుతుంటుంది. నెలల తరబడి బొచ్చులో ఇరుక్కున్నదంతా ఒక్క గంటలో గాల్లోకి వస్తుంది.

అందుకే అలర్జీ ఉన్న మనిషి ఈ పని చేయకూడదు. కుక్కల బొచ్చు సవరించే గ్రూమర్‌కు అప్పజెప్పండి, లేదా ఇంట్లో అలర్జీ లేనివాళ్లు ఆరుబయట చేయాలి. చేసినవాళ్లు బట్టలు మార్చుకుని, స్నానం చేసి లోపలికి రావాలి. మీరు ఆ దరిదాపుల్లోకి వెళ్లక తప్పకపోతే ఎన్95 మాస్క్ వేసుకోండి. చేసేవాళ్లు ఎవరూ దొరక్కపోతే మెషిన్‌తో కత్తిరించినా ఫర్వాలేదు. గరుకుదనం తగ్గుతుంది, రంగు పలచబడుతుంది, కుక్కల షోలకు పనికిరాదు. మీ ఊపిరి ముందు అవేమీ లెక్కలోవి కావు.

స్నానం సంగతి కొంచెం ఇబ్బందే. కుక్కను కడిగితే అలర్జెన్ బాగా తగ్గుతుంది, కానీ ఆ ఫలితం కొద్ది రోజులే. నిలబడాలంటే వారానికి రెండుసార్లు కడగాలి. అన్నిసార్లు కడిగితే చర్మం పొడిబారి పొట్టు పెరగొచ్చు, బొచ్చూ మెత్తబడుతుంది. ఎలాంటి షాంపూ వాడాలో, ఎన్నిసార్లు చాలునో పశువైద్యుణ్ని అడిగి తేల్చుకోండి. రోజూ చేయగలిగింది గడ్డం తుడవడం. తాగిన ప్రతిసారీ, తిన్న ప్రతిసారీ తడిబట్టతో ఒత్తి తుడిస్తే మీ ఒళ్లో పెట్టే తడి చాలావరకు తగ్గుతుంది. పుప్పొడి రోజుల్లో బయటినుంచి రాగానే కాళ్లూ పొట్టా కూడా తుడవండి, ఆ బిరుసు బొచ్చు పుప్పొడిని బాగా పట్టుకుంటుంది.

ఇంట్లో

పడగ్గదిలోకి మొదటి రోజునుంచే రానివ్వకండి. అలవాటయ్యాక గెంటేస్తే దానికి అర్థం కాదు, తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంది, మీకూ మనసొప్పదు. హెపా ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం అక్కడ పెట్టండి, 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం పట్టేదాన్నే హెపా అంటారు. తివాచీ తీసేయండి. కుక్క పరుపు గుడ్డలు వారంవారం వేడినీళ్లలో ఉతకాలి.

రాత్రి దగ్గుతో మెలకువ రావడం, ఛాతీ బిగపట్టడం, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే తుమ్ములతో కలిపి చూసి సర్దుకుపోకండి. అవి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన లక్షణాలు. ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోతే, మాట పూర్తి చేయలేకపోతే అదే క్షణం ఎమర్జెన్సీకి వెళ్లండి. ఒంటిని అలర్జెన్‌కు మెల్లగా అలవాటు చేసే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు ఉన్నాయి గానీ అవి మూడు నుంచి ఐదేళ్లు సాగే చికిత్స, కుక్కను తెచ్చాక ఆదరాబాదరాగా వెతుక్కునేవి కావు.

కుక్కను ఇచ్చేవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి: మూడు నెలల్లో మాకు పడకపోతే మీరే వెనక్కి తీసుకుంటారా అని. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే దాన్ని చూసుకోగలిగిన అలర్జీ లేని మనిషి ఒకరు మీ చుట్టూ ఉన్నారేమో చూసుకోండి. ఆ మనిషిని కుక్కకు ముందునుంచే అలవాటు చేయండి, వారానికోసారి వచ్చి నడకకు తీసుకెళ్లినా చాలు. నిజంగా వెళ్లాల్సి వస్తే అప్పుడు అది తెలిసిన చేతుల్లోకే వెళ్తుంది.