కోడ్‌తో డబ్బు పంపే ముందు జాగ్రత్తలు

• గోడకో బల్లకో అతికించిన క్యూఆర్ కోడ్ అయితే అంచును గోటితో తడిమి చూడండి. అసలు కోడ్ మీద మోసగాళ్లు తమ స్టిక్కరు అంటిస్తుంటారు. ఆ చుక్కల్లో తేడాను కంటితో పట్టలేం. అందుకే స్కాన్ చేశాక తెరపై కనిపించే పేరును అమ్మేవారికి వినిపించేలా చదవండి. కలవకపోతే అక్కడితో ఆపేయండి.

• చెల్లింపు తెర బదులు ఏదో వెబ్‌సైటు తెరుచుకుందా? మూసేయండి.

• డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. అడిగారంటే మీ ఖాతాకే కన్నం.

• ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఓటీపీ బ్యాంకు మనిషినని ఎవరైనా అడిగినా చెప్పకండి. తొందరలో అంకెలే చూస్తాం గాని, ఎంత, ఎవరికి అన్నది తరచూ ఆ సందేశంలోనే ఉంటుంది.

• స్టార్, హ్యాష్ గుర్తులున్న నంబర్లను ఎవరో చెప్పారని డయల్ చేయవద్దు. మీ కాల్స్‌ను దారి మళ్లించే కోడ్‌లూ అలాగే ఉంటాయి.

• చెల్లింపు మధ్యలో నిలిచిపోతే, మళ్లీ పంపే ముందు ఖాతా చూసుకోండి.